‘ఏటి’ అనకూడని క్లాసు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక. ఇంట్లో వాళ్లకి తెలుసు, స్టాఫ్ రూములో తెలుసు, విజయనగరం నుంచి వచ్చే బస్సు దిగాక నేను రోజూ ఎక్కే షేర్ ఆటో డ్రైవరుకి కూడా తెలుసు. భోగాపురం దాటి సముద్రం వైపు దిగే దారిలో ఉన్న హైస్కూలుకి తెలుగు టీచరుగా బదిలీ మీద వచ్చినప్పుడు, మొదటి వారంలోనే పిల్లలు నాకొక పేరు పెట్టారు. అది ఇక్కడ రాయను. మిరపకాయకి సంబంధించినదని మాత్రం చెప్తాను.

నా కోపంలో సగం ఒకే ఒక్క మాట మీద ఉండేది. ఆ మాట ‘ఏటి’.

మా ఉత్తరాంధ్రలో ‘ఏమిటి’ అనడానికి ‘ఏటి’ అంటారు. నేను పుట్టి పెరిగిన ఆమదాలవలసలో నాకు తెలిసిన వాళ్లందరూ అలాగే అనేవారు. మా నాన్న రైల్వే గూడ్స్ షెడ్డులో పని చేసేవాడు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేటప్పుడు పుస్తకంలో ఉన్నట్టు గంభీరంగా చదివి, గుమ్మం దాటి బయటికి రాగానే “ఏటే, ఆకలేస్తన్నాదా?” అని అడిగేవాడు. ఆ రెండు భాషలూ నాకు రెండు జతల బట్టల్లాగానే ఉండేవి. ఒకటి చర్చికి, ఒకటి ఇంటికి. రెండింటిలో ఒకటి తక్కువదని డిగ్రీ అయ్యేదాకా నాకు తెలియదు.

బి.ఎడ్. చదవడానికి గోదావరి అవతల ఊరికి వెళ్లినప్పుడు తెలిసింది. హాస్టల్లో మొదటి రోజు భోజనాల దగ్గర వార్డెనమ్మ ఏదో అడిగింది. గిన్నెల చప్పుడులో వినపడక “ఏటండీ?” అన్నాను. బల్ల చుట్టూ కూర్చున్న అమ్మాయిలందరూ పగలబడి నవ్వారు. ఆ సంవత్సరమంతా నా పేరే ‘ఏటి’. మెట్ల మీద కనపడితే ఏటి, లైబ్రరీలో ఏటి. స్నానాల గది దగ్గర బకెట్ పట్టుకుని నిలబడితే వెనక నుంచి “ఏటీ, ఇంకా ఎంతసేపు?” అనేవారు. నేను ఏడవలేదు, పంతం పట్టాను. ఆ ఏడాది తిరిగేసరికి ఆ మాటని నా నోట్లోంచి గీకి గీకి తీసేశాను. తర్వాత మా అమ్మతో ఫోన్లో మాట్లాడినా “ఏమిటమ్మా” అనే అనేదాన్ని. “ఏటే ఆ బాస, కలెక్టరమ్మలాగ!” అని మా అమ్మ వెక్కిరించేది.

ఇంత కష్టపడి వదిలించుకున్న మాటని, క్లాసులోకి అడుగు పెట్టగానే నలభై మంది పిల్లలు ముక్తకంఠంతో అంటుంటే నాకు ఒళ్లు మండేది. రేపు వీళ్లు పై చదువులకి వెళ్తే వీళ్లనీ నవ్వుతారు, ఇప్పుడే మాన్పిస్తే వాళ్లకే మంచిదని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. కానీ ‘ఏటి’ వినపడిన ప్రతిసారీ నాకు పిల్లలు గుర్తొచ్చేవారు కాదు, ఆ హాస్టల్ బల్ల గుర్తొచ్చేది. తొమ్మిదో తరగతి గోడ మీద నేనే చార్టు రాసి అంటించాను. సమయానికి రావాలి, చెయ్యెత్తి మాట్లాడాలి, పెద్దలతో మర్యాదగా మాట్లాడాలి. మూడో దాని కింద చిన్న అక్షరాలతో ‘ఏటి అనకూడదు, ఏమిటండీ అనాలి’ అని కూడా రాశాను.

ఆ క్లాసులో ఒక పిల్ల ఉండేది. పొడుగ్గా, సన్నగా ఉండేది. ఎప్పుడూ ఒక రిబ్బను ఊడిపోయే ఉండేది. తండ్రి సముద్రం మీదికి వేటకి వెళ్తాడు, తల్లి చేపల తట్ట ఎత్తుకుని విజయనగరం మార్కెట్టుకి వెళ్తుంది. ఆ పిల్ల కుడి వైపు వరసలో, కిటికీ పక్కన కూర్చునేది. కిటికీ అవతల రోడ్డు. కొత్త విమానాశ్రయం పనులు మొదలైనప్పటి నుంచి ఆ రోడ్డు మీద మట్టి లారీలు తెగ తిరిగేవి. లారీ వెళ్తున్నంతసేపూ నేను పాఠం ఆపి, దుమ్ము అణిగాక మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

ఆ పిల్లని ఏది అడిగినా ముందు జవాబు రాదు, ‘ఏటి’ వస్తుంది. తల ఒక పక్కకి వంచి, కుడి భుజం కాస్త ముందుకు పెట్టి, కనుబొమలు ఎత్తి మరీ అనేది. ఆ వాలకం చూస్తే ఎవరికైనా పొగరు అనే అనిపిస్తుంది. నాకైతే మరీను.

ఒకరోజు సంధులు చెప్తున్నాను.

“సవర్ణదీర్ఘ సంధికి ఒక ఉదాహరణ చెప్పు” అని ఆ పిల్లని లేపాను.

“ఏటి?”

“ఏమిటీ?” అన్నాను, గొంతు పెంచి.

“ఏటి మేడం?”

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. చార్టు దగ్గరికి రమ్మని, మూడో నియమం పైకి చదివించాను. ‘ఏమిటండీ’ అని వందసార్లు రాసుకుని రమ్మన్నాను. “ఇంకోసారి నీ నోటివెంట ‘ఏటి’ అని వచ్చిందంటే క్లాసు బయటే నిలబడాలి” అన్నాను.

“అనను మేడం” అంది.

అన్నట్టే మళ్లీ అనలేదు. వందసార్లూ రాసుకొచ్చింది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పిల్లల తప్పులు రాయడానికి మా స్కూల్లో ఒక నల్ల అట్ట పుస్తకం ఉండేది. అందులో ఆ పిల్ల పేరు ఎదురుగా అప్పటికి చాలా తేదీలు పడ్డాయి. అన్నిటికీ కారణం ఒకటే, ‘ఎదురు సమాధానం’. ఆ రోజు తర్వాత కొత్త తేదీ పడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా హెడ్మాస్టరుగారు విజయనగరంలో ఏదో శిక్షణకి వెళ్లొచ్చారు. ఆయనది శ్రీకాకుళం పక్క పల్లె, రిటైర్మెంటుకి దగ్గర పడ్డారు. ఎంత పెద్ద మీటింగులోనైనా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతారు. నాకు అదొక చిరాకు. వచ్చీ రాగానే స్టాఫందరినీ పిలిచి, నల్ల అట్ట పుస్తకం బీరువాలో పడేసి, ఎర్ర అట్ట పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టారు.

“ఇన్నాళ్లూ గుంటలు సేసిన తప్పులే రాసినాం. రాసి రాసి ఏటి బాగు సేసినాం? ఇకమీద మంచి రాయండి. ఏ గుంట ఏటి మంచి సేసినాదో సూడండి. సూసి, రాసి, అసెంబ్లీలో అందరి ముందరా సెప్పండి” అన్నారు.

మా వైపు చిన్నపిల్లల్ని గుంటలు అంటారు, ముద్దుగానే. నాకు ఆ మాట కూడా గిట్టేది కాదు.

నేను ఊరుకోలేదు. చెయ్యాల్సిన పని చేసినందుకు మెచ్చుకోవడం ఏమిటండీ, రేపు ఊపిరి పీల్చుకున్నందుకు కూడా చప్పట్లు కొట్టాలా అన్నాను. ఆయన నవ్వి, “ఒక నెల సేసి సూడమ్మా. నచ్చకపోతే ఒగ్గీ” అన్నారు. ఒగ్గీ అంటే వదిలెయ్యి.

ఒప్పుకోవడానికి నాకు కష్టంగానే ఉంది కానీ, పని చేసింది. చూడమన్నారు కాబట్టి చూడటం మొదలుపెట్టాను. ఏడాది మొత్తం హోంవర్కు తేని కుర్రాడొకడు మధ్యాహ్న భోజనం దగ్గర చిన్న క్లాసు పిల్లలకి గుడ్డు వలిచి పెడుతున్నాడని అప్పుడే చూశాను. అది పుస్తకంలో రాసి అసెంబ్లీలో చదివితే, మర్నాడు వాడు హోంవర్కు కూడా తెచ్చాడు. సగమే చేశాడు, అయినా తెచ్చాడు. ఎవరో అడక్కుండానే కుళాయి కట్టేశారు, ఎవరో కింద పడ్డవాణ్ణి లేపారు. నేను అరవడం తగ్గింది. సాయంత్రం బస్సులో గొంతు నొప్పి ఉండటం లేదని ఒకరోజు గమనించాను. పిల్లలు ఎర్ర పుస్తకానికి ‘మంచి బుక్కు’ అని పేరు పెట్టుకున్నారు. నన్ను చూసి మిగతా టీచర్లు కూడా ఉత్సాహంగా రాయసాగారు. కాస్త గర్వపడ్డాననే చెప్పాలి.

ఆ గర్వంలోనే ఒకరోజు ఆ పిల్ల పేరు రాశాను. ‘ఇదివరకు ఎదురు సమాధానాలు చెప్పేది. ఇప్పుడు క్లాసులో నిశ్శబ్దంగా, మర్యాదగా కూర్చుంటోంది. చాలా మార్పు వచ్చింది.’ నెలకి ఒకరికి మంచి ప్రవర్తన పత్రం ఇవ్వాలని హెడ్మాస్టరుగారు అంటే, ఆ నెలకి ఆ పిల్లకే ఇద్దామని పట్టుబట్టాను. డ్రాయింగు షీటు మీద చుట్టూ పూల అంచు వేసి, నా చేత్తోనే పేరు రాశాను. సోమవారం అసెంబ్లీలో పిలిచాం. పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిస్తే గానీ కదల్లేదు. సిగ్గుపడుతోంది అనుకున్నాను. రెండు చేతులతో పత్రం అందుకుంది. “చూశావా, మర్యాదగా ఉంటే ఎంత బాగుందో!” అన్నాను. తలూపింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

స్టాఫ్ రూములో ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. లెక్కల మాస్టారు టీ తాగుతూ, “ఆ అమ్మాయి ఈ మధ్య నా క్లాసులో ఏదీ అడగట్లేదు మేడం. ఇదివరకు ఒక్కో లెక్కా రెండుసార్లు చెప్పించుకునేది. ఇప్పుడు పక్కమ్మాయి నోట్సు చూసి ఎక్కించుకుంటోంది” అన్నారు. పెడచెవిన పెట్టాను. ఆయన ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటారని అనుకున్నాను.

అర్ధసంవత్సర పరీక్షల మార్కులు వచ్చాయి. ఎప్పుడూ అత్తెసరు మార్కులతోనైనా గట్టెక్కే పిల్ల నాలుగు సబ్జెక్టుల్లో తప్పింది. నా తెలుగులో కూడా. మార్కుల కాగితం ఇంటికి పట్టుకెళ్లిన పిల్ల మర్నాటి నుంచి రాలేదు. వారం దాటింది. హాజరు యాప్‌లో ఆ పేరు పక్కన వరసగా ఎర్ర గుర్తులు పడ్డాయి. ఫోన్ చేస్తే తల్లి “బడి మానిపించీసినానండి” అని పెట్టేసింది.

హెడ్మాస్టరుగారు నన్ను పిలిచారు. “మంచి పిల్ల అని కాయితం ఇచ్చినావు కదమ్మా. నువ్వే ఎల్లి తీసుకురా” అన్నారు. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక వెళ్లాను. దారిలో నాకు కోపంగానే ఉంది. అంత చేసి, అందరి ముందూ పత్రం ఇచ్చి నిలబెడితే ఈ పిల్ల ఇలా చేస్తుందా అని. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఒకటే గది, పైన శ్లాబు, ముందు వాకిట్లో నీలం టార్పాలిన్ మీద నెత్తళ్లు ఆరబోసి ఉన్నాయి. ఆ పిల్ల నాకు వీపు పెట్టి, గొంతుక్కూర్చుని వాటిని తిరగేస్తోంది. పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. ఇంకా దగ్గరికి వెళ్లి ఎడమ పక్కన నిలబడి మళ్లీ పిలిచాను. చేపలు తిరగేస్తూనే ఉంది. నా కోపం నెత్తికెక్కింది.

అప్పుడే మార్కెట్టు నుంచి వచ్చినట్టుంది, తల్లి కుళాయి దగ్గర తట్ట కడుగుతోంది. నన్ను చూసి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

“అటు నుంచి పిలిస్తే దానికి ఇనపడదు టీచరమ్మా. ఈ పక్కకి రా” అంది.

“ఏటి?” అన్నాను.

ఇన్నేళ్ల తర్వాత ఆ మాట నా నోటివెంట అలా జారింది. నాలుక్కరుచుకున్నాను. ఆవిడకి మాత్రం అది మామూలు మాటే కాబట్టి పట్టించుకోలేదు. ఎవరూ నవ్వలేదు. నేను అడిగానని జవాబు చెప్పింది, అంతే.

“దాని ఎడం సెవి సిన్నప్పుడే పోయినాది. సీము కారీది. ఎవులో సుక్కలిస్తే ఏసినాం. కారడం తగ్గింది గానీ ఇనికిడి రానేదు. కుడి సెవి బాగానే ఉన్నాది.”

కుడి చెవి. కిటికీ వైపు చెవి, లారీల వైపు చెవి. వినపడని చెవి నా వైపు.

“మరి బడిలో చేర్చినప్పుడు చెప్పాలి కదమ్మా?” అన్నాను.

“సెప్తే సెవిటిదని పేరెట్టీస్తారు. రేపు దాన్ని ఎవులు సేసుకుంటారు? అందుకని ఎవులికీ సెప్పొద్దన్నాను. ఇనపడకపోతే ‘ఏటి’ అని అడుగు, మల్లీ సెప్తారు అన్నాను. అలగే అడిగీది. ఎనిమిదేళ్లు అలగే సదివింది. నువ్వు అడగొద్దన్నావంట. మానీసినాది.”

ఆవిడ తిట్టలేదు. చేపల ధర చెప్పినట్టు చెప్పింది. తిట్టినా బాగుండును.

“సెవిటిదని పేరు రాకూడదనుకున్నాను. పొగరుమోతని పేరొచ్చింది. తరవాత మాటాడకుండా కూకుంటే కాయితం ఇచ్చినారు. మా గుంటకి బడిలో కాయితం ఇచ్చినారని నానూ సంబరపడిపోయినాను. అదిగో.”

లోపల గోడ మీద, దేవుడి పటాల పక్కన, నా పూల అంచు పత్రం ఉంది. భోగాపురం జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించింది. నా చేతిరాత, నా సంతకం, ‘నిశ్శబ్దంగా, మర్యాదగా’ అన్న మాటలు, అన్నీ మెరుస్తున్నాయి. నా జీవితంలో చాలాసార్లు సిగ్గుపడ్డాను. హాస్టల్ బల్ల దగ్గర పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది. అక్కడ నన్ను నవ్వారు. ఇక్కడ నేను ఒక పిల్ల నోరు కట్టేసి, కట్టేసినందుకు బహుమతి కూడా ఇచ్చాను.

కుడి పక్కకి వెళ్లి ఆ పిల్ల దగ్గర కూర్చున్నాను. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

“పోనీ ‘ఏమిటండీ’ అనైనా అడగొచ్చు కదా?” అన్నాను.

కాసేపు చేపలు తిరగేసి, తర్వాత చెప్పింది. “అది నా నోటికి తొందరగా రాదు మేడం. గ్యాపకం తెచ్చుకుని అనీలోపల నువ్వు ముందుకెల్లిపోతావు.”

నేను తల్లి వైపు తిరిగి తప్పు నాదన్నాను. ఆవిడ వినపడనట్టే చూసింది. ఈసారి మా ఊరి మాటలో చెప్పాను. “నాదే తప్పమ్మా. నానే తెలుసుకోనేదు. పిల్లని పంపించు.” ఆ మాటలు నా నోట్లో కొత్తగానూ ఉన్నాయి, పాతగానూ ఉన్నాయి.

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. పిల్ల తనతో మార్కెట్టుకి వస్తే తట్ట మోయడానికి సాయంగా ఉంటుందని, చదువు రానప్పుడు ఎండలో నడిపించడం దేనికని అంది. చివరికి, “సోమవారం పంపిస్తాను. వచ్చే పరీచ్చ దాకా సూస్తాను. అప్పటికీ ఇలగే ఉంటే మాత్రం నాతోటే” అంది. నేను వచ్చేస్తుంటే వెనక నుంచి, “క్లాసులో గుంటలకి మాత్రం సెప్పకు” అంది. చెప్పనని మాటిచ్చాను.

సోమవారం పొద్దున్నే హెడ్మాస్టరుగారికి అంతా చెప్పాను. ఆయన మంచి బుక్కు తెరిచి నా రాత చదివి, బీరువాలోంచి నల్ల పుస్తకం తీసి ఆ తేదీలన్నీ చదివారు. ఈ ఎర్ర పుస్తకం వల్లే ఇదంతా అయిందని అన్నాను.

“బుక్కేటి సేసినాదమ్మా పాపం. గుంటలు మనకి ఇబ్బంది ఎట్టకుండా ఉంటే అదే మంచని రాసీసినాం. ఆలకి ఏటి కావాలో సూడనేదు” అన్నారు. ‘మనం’ అన్నారు ఆయన. ‘నువ్వు’ అనలేదు. అందుకు ఇప్పటికీ ఆయన మీద నాకు గౌరవం.

పిల్లలకి చెప్పనని మాటిచ్చాను కాబట్టి, ఏం మార్చినా క్లాసు మొత్తానికీ మార్చాలి. బెంచీలన్నీ అటువి ఇటు జరిపించాను. అమ్మాయిల వరస ఎడమ పక్కకి వచ్చింది. ఆ పిల్లకి మొదటి బెంచీ, గోడ వైపు ఎడమ చెవి, నా వైపు కుడి చెవి. లెక్కల మాస్టారికీ మిగతా వాళ్లకీ స్టాఫ్ రూములో విడిగా చెప్పాం. బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానేశాను. తర్వాత చార్టు దగ్గరికి వెళ్లి, నా చిన్న అక్షరాల వాక్యం మీద కాగితం అంటించి, ‘వినపడకపోతే, అర్థం కాకపోతే అడగాలి’ అని రాశాను.

“ఎలా అడిగినా పరవాలేదు. ఏమిటండీ అనండి, ఏటి అనండి. అడిగినవాళ్ల పేరు మంచి బుక్కులో రాస్తాను” అన్నాను. క్లాసు నోరెళ్లబెట్టింది.

ఆ తర్వాత రెండు రోజులు నా ప్రాణం తోడేశారు. “ఏటి మేడం?” “ఏటి మేడం?” అని వెనక బెంచీ కుర్రాళ్లు పోటీలు పడ్డారు. గుడ్లు వలిచే కుర్రాడైతే నేను హాజరు పిలిస్తే కూడా “ఏటి?” అన్నాడు. నవ్వాలో కొట్టాలో తెలియక పళ్లు నూరుకుంటూ అందరి పేర్లూ రాశాను. మూడో రోజుకి వాళ్లకే విసుగొచ్చింది. నాలుగో రోజు అదే కుర్రాడు ఒక పద్యం దగ్గర నిజంగానే అర్థం కాక అడిగాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

అందరూ అడిగారు. ఆ పిల్ల తప్ప.

రోజూ వచ్చేది. మొదటి బెంచీలో నిటారుగా కూర్చునేది. నేను చూస్తే తలూపేది. ఆ తలూపడం ఇదివరకు నాకు మర్యాదలా కనిపించేది. ఇప్పుడది చూస్తే భయం వేసేది. అర్థమైందా అంటే ఊపుతుంది, కాలేదా అన్నా ఊపుతుంది. విజయనగరం పెద్దాసుపత్రిలో చెవి డాక్టరు దగ్గరికి తల్లీ కూతుళ్లని వెంటబెట్టుకుని నేనే వెళ్లాను. కర్ణభేరికి చిల్లు ఉందని, నీళ్లు వెళ్లకుండా చూసుకోమని, కొంచెం పెద్దయ్యాక ఆపరేషన్ సంగతి చూద్దామని చెప్పాడు. దాని గురించి కూడా పిల్ల ఏమీ అడగలేదు. నోరు మూసుకోవడం నేను ఒక్కరోజులో నేర్పాను. దాన్ని మరిపించడం నా చేతిలో లేదు. పరీక్ష దగ్గర పడుతోంది. ఏ రోజుకారోజు బస్సెక్కుతూ ఈరోజూ అడగలేదు అనుకునేదాన్ని.

మూడో వారం అనుకుంటాను. వ్యాసం నోట్సు చెప్తున్నాను. అప్పుడే లారీ ఒకటి వెళ్లింది. ఈసారి నేను ఆగడం మర్చిపోయి చెప్పుకుంటూ పోయాను.

“ఏటి మేడం?”

మొదటి బెంచీలోంచి. తల పక్కకి వంచి, కుడి భుజం ముందుకు పెట్టి, కనుబొమలు ఎత్తి. అదే వాలకం. మిగతా పిల్లలెవరూ పట్టించుకోలేదు, రాసుకుంటున్నారు. నేను ఆ వాక్యం మళ్లీ చెప్పాను.

“ఏటి?”

దాచడం ఎందుకు, రెండోసారి అనగానే ఆ పాత మంట ఒక్క క్షణం గొంతులోకి వచ్చింది. అంత తొందరగా పోయే కోపం కాదు నాది. మింగాను. పుస్తకం పట్టుకుని ఆ పిల్ల కుడి పక్కకి వెళ్లి నిలబడి, ఒక్కో మాటా విడదీసి మూడోసారి చెప్పాను. వంగి రాసుకుంది. రాయడం అయ్యాక తలెత్తకుండానే, “ఊఁ, తరవాత సెప్పు” అంది.

నేను తర్వాతది చెప్పాను. గంట కొట్టాక మంచి బుక్కు తెరిచి, ఆ పిల్ల పేరు రాసి, దాని ఎదురుగా ‘ఏటి అని రెండుసార్లు అడిగింది’ అని రాశాను.